తట్టిన చెయ్యి

నిరోష తాష్కెంట్ నుంచి వెండి పతకంతో వచ్చింది. ఆదిలాబాద్ స్టేషన్లో బ్యాండుమేళం పెట్టారు. జూడో అంటే ఏమిటో తెలియని పెద్దమనుషులంతా వరసగా శాలువాలు కప్పారు. ఆమె ఎవరి మొహమూ చూడలేదు. సంచీ భుజాన వేసుకుని, పాత పత్తి జిన్నింగు మిల్లు గోదాములో ఉన్న జూడో హాలుకు నేరుగా పోయి, పతకాన్ని కోచ్ జబ్బార్ సార్ ముందు పడేసింది.

"మీ పాఠమే నా కొంప ముంచింది సార్."

జబ్బార్ సార్ మ్యాటు మీది చిరిగిన గుడ్డను కుడుతున్నాడు. తలెత్తలేదు.

ఆ పాఠం ఆయన ప్రతి పిల్లకూ మొదటిరోజే చెప్పేది. చెయ్యి మెలిపెట్టి పట్టు బిగిస్తే, అవతలి మనిషి ఓర్చుకోలేక రెండో చేత్తో నిన్ను తడుతుంది. ఓడిపోయాను, వదిలెయ్యమని దానర్థం. ఆ చప్పుడు చెవిన పడేలోపే వదిలెయ్యాలి.

తాష్కెంట్ ఫైనల్లో నిరోష అదే చేసింది. అవతలి పిల్ల తట్టింది, ఈమె వదిలేసింది. తట్టడం రెఫరీ కంట పడలేదు. ఆ పిల్ల ఏమీ ఎరగనట్టు లేచి, గెలిచానన్న సంబరంలో ఉన్న నిరోషను ఎత్తి వెల్లకిలా పడేసింది. చేతిదాకా వచ్చిన బంగారం అలా జారిపోయింది. పతకాలు ఇచ్చేటప్పుడు ఆ పిల్ల నవ్వుతూ చెయ్యి కలిపింది. నిరోషకు కడుపు మండిపోతున్నది దానికే.

"వచ్చే నెల ఆసియా పోటీలకు సెలెక్షన్లున్నయి. ఇగ ఎవ్వరు తట్టినా ఇడిచిపెట్ట. రెఫరీ ఆపమనేదాంక ఇడిచిపెట్ట. చెయ్యి ఇరిగితే ఇరగనీ."

"రెఫరీ ఆపమనేదాంకనా?"

"అవును సార్."

ఆయన సూదిని గుడ్డకు గుచ్చి భాగ్యను పిలిచాడు. భాగ్య నిరోషకు సాధనలో జోడీ. ఏళ్ల తరబడి నిరోష చేతిలో పడీ పడీ ఆమెను ఇంతదాన్ని చేసింది. తను మాత్రం జిల్లా పోటీలు దాటలేదు. నిరోష మ్యాటు మీద కూర్చుంటే చాలు, అడగకుండానే చెయ్యి చాచి పక్కన పడుకునేది. ఇప్పుడూ అలాగే నవ్వుతూ పడుకుంది.

"నేను రెఫరీని. కానియ్యి," అన్నాడు జబ్బార్ సార్.

నిరోష ఆ చేతిని కాళ్ల మధ్య ఇరికించి పట్టు వేసింది. తాష్కెంట్ పిల్ల నవ్వు కళ్లముందు మెదిలింది. నడుము ఎత్తి ఇంకాస్త బిగించింది. భాగ్య ఆమె కాలి మీద తట్టింది.

నిరోష సార్ వైపు చూసింది. ఆయన ఏమీ అనలేదు.

భాగ్య మళ్లీ తట్టింది. గబగబా, గట్టిగా. సార్ చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. నిరోష ఆయన నోటివైపే చూస్తోంది.

"అక్కా!"

ఆ కేకకు నిరోష వదిలేసింది. భాగ్య మోచెయ్యి పట్టుకుని పక్కకు దొర్లింది. విరగలేదు గానీ మొహంలో నెత్తురు చుక్క లేదు. నిరోషకు భయమూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"చూస్తనే ఉన్నరు గద సార్! ఆపమనరేంది?"

"ఆ పిల్ల తట్టింది నన్నా?"

ఆయన పోయి కుట్టుపని ముందేసుకున్నాడు.

ఎవరికైనా దెబ్బ తగిలితే, భయం మిగలకుండా అదే పట్టు మళ్లీ ఒకసారి మెల్లగా వెయ్యడం ఆ హాలు ఆనవాయితీ. కాసేపటికి భాగ్య లేచి వచ్చింది. ఇద్దరూ పద్ధతి ప్రకారం ఒకరికొకరు వంగి నమస్కరించారు. నిరోష కూర్చుంది. భాగ్య పడుకుంది. రెండు చేతులూ గుండెకు హత్తుకుని పడుకుంది.

"చెయ్యి ఇయ్యి భాగ్యా. మెల్లగ చేస్త."

భాగ్య పైకప్పు వైపు చూస్తూ అన్నది:

"సార్ చెప్పనీ, అక్కా."

నిరోష సార్ వైపు తిరిగింది. ఆయన సూదిలోకి దారం ఎక్కించుకుంటున్నాడు.