ఆల్-ఇన్-వన్ కంప్యూటరూ మంత్రిగారి పంటినొప్పీ

పూర్వం ఓ రాజ్యంలో ఇంటింటా కంప్యూటర్లు ఉండేవనుకోండి. "తెర వేరు, పెట్టె వేరుగా ఉన్నవి పారేసి, అంతా ఒకే ముక్కగా ఉండే ఆల్-ఇన్-వన్ కొనాల్సిందే!" అని మంత్రి దండోరా వేయించాడు. బుట్టలల్లే సింగారమ్మకు ఒళ్లు మండి, నేరుగా సభకెళ్లింది.

"తెర పాడైతే ఎట్లా మంత్రిగారూ?"

"మొత్తం మరమ్మతుకు పంపాలి. అయినా ఇల్లెంత పొందిగ్గా ఉంటుందో!"

ఆమె రాజు వైపు తిరిగింది. "నిన్న నా తగువు ఎవరూ వినలేదేం మారాజా?"

"మంత్రికి పంటినొప్పి. న్యాయాధికారీ ఆయనే."

"ఖజానా?"

"మూశాం. కోశాధికారీ ఆయనే."

"కోట తలుపు?"

"తాళాలూ ఆయన దగ్గరే," రాజు నసిగాడు. "నేనే గోడ దూకాను."

"పన్ను పాడైతే రాజ్యమే మూతపడింది! ఆల్-ఇన్-వన్ తమకొకటి ఉందిగా మారాజా, మా ఇళ్లకెందుకు?"

రాజు బెణికిన నడుం పట్టుకుని పకపకా నవ్వాడు. సాయంత్రానికి కొత్త దండోరా మోగింది: "న్యాయాధికారి కావలెను! కోశాధికారి కావలెను! తాళాలకు ఇంకొకరు కావలెను!"