తాళం వేసిన వాకిట ముగ్గు

అనగా అనగా, మన తాతల తాతలు గోచీలు కట్టుకు తిరిగే కాలాన, సముద్రం ఒడ్డున రేవుపట్నం అనే పెద్ద పట్నం ఉండేది. ఉండేదంటే ఎలా ఉండేది? తెల్లారితే చాలు, వీధి వీధంతా తడి వాకిళ్లు, తెల్లటి ముగ్గులు.

ఒక ఏడు బావుల్లో ఉప్పునీరు ఊరింది. జనం ఇళ్లకు తాళాలు వేసుకుని తలో దిక్కుకీ పోయారు. సాలెవీధిలో నూకాలమ్మ ఒక్కతే మిగిలింది. ఎదురింటి అప్పలకొండ బండెక్కుతూ, "నేనొచ్చేదాకా నా వాకిలి చూస్కోవే," అంది. రోజూ తగువాడుకున్న మనిషే. అయినా బండి మలుపు తిరిగేదాకా నూకాలమ్మ చూస్తూనే ఉంది. అప్పలకొండ తిరిగొచ్చాకే నేను పోతాను అనుకుంది.

పట్నం పెద్ద చిన్నంనాయుడు మంచివాడే. జనం తిరిగి రావాలని కోటగుమ్మానికి రంగులేయించాడు. ఎవరూ రాలేదు. ఊరూరా దండోరా వేయించాడు. ఎవరూ రాలేదు. ఆఖరికి కొండవాగు నుంచి కాలువ తవ్వించి బావుల్లోకి మంచినీళ్లు మళ్లించాడు. అప్పటికీ ఎవరూ రాలేదు. పెద్దల మాట నీటి మీద రాత అని పోయినవాళ్లు నవ్వుకున్నారట.

నూకాలమ్మ మాత్రం పొద్దున్నే అప్పలకొండ వాకిట కళ్లాపి చల్లి ముగ్గేసేది. పక్కిల్లు బోసిగా కనబడితే దానికీ వేసేది. ఆ పక్కదానికీ వేసేది. అలా వీధి చివరిదాకా పోయేది. ఒకనాడు చిన్నంనాయుడు అటు వచ్చాడు.

"తాళం వేసిన ఇంటికి ముగ్గెందుకమ్మా?"

"ముగ్గు లేని వాకిలి చావింటి వాకిలి బాబూ. చావింటికి ఎవరు తిరిగొస్తారు?"

కొండదారిన పోయే ఉప్పుబళ్లవాళ్లు పైనుంచి ఆ ముగ్గులు చూశారు. సాలెవీధి నిండిపోయిందని సంతల్లో చెప్పారు. ఇంకేం, పక్కింటివాళ్లు తమకంటే ముందే చేరిపోయారనుకుని ఒకరి వెనక ఒకరు బళ్లు కట్టారు. వచ్చి చూస్తే ఏముంది? వాకిట ముగ్గు, తలుపుకి తాళం. తిట్టుకుంటూ బావి దగ్గరికెళ్లి చేద వేశారు. నీళ్లు తియ్యగా ఉన్నాయి. సామాను దించారు.

అందరూ వచ్చారు. అప్పలకొండ రాలేదు. నూకాలమ్మ నడుం వంగింది, చూపు మందగించింది. అయినా ఆ వాకిలి ఎండనివ్వలేదు. ఒకనాటి పొద్దున ముగ్గేస్తుంటే వెనక నుంచి వినబడింది.

"ఇదేం ముగ్గే, పాము పాకినట్టుంది."

"వచ్చావుగా. ఇక నువ్వేసుకో," అని నూకాలమ్మ పిండిగిన్నె చేతికిచ్చేసింది. ఆ వారంలోనే కన్నుమూసింది.

పట్నాన్ని నిలబెట్టినవాడని చిన్నంనాయుడి పేరు రాతి మీద చెక్కిద్దామన్నారు కొలువువాళ్లు. అప్పలకొండ ముందుకొచ్చింది.

"నీళ్లు తమరివే బాబూ. అవి లేకపోతే వచ్చినోళ్లం వచ్చినట్టే పోదుం. కానీ మమ్మల్ని పిలిచింది నూకాలమ్మ ముగ్గు."

చిన్నంనాయుడు రాయి మాట పక్కన పెట్టేశాడు. మైల తీరాక, తాళం పడ్డ నూకాలమ్మ వాకిట తనే కళ్లాపి చల్లి ముగ్గేశాడు. అదీ పాము పాకినట్టే వచ్చింది. వీధంతా నవ్వింది, కళ్లు తుడుచుకుంది.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు, వాకిలి ఉంది. పట్నానికి కొత్త పెద్దయ్యేవాడు గద్దెనెక్కే ముందు అక్కడ ముగ్గెయ్యాల్సిందే. ఎవరైనా ఊరెళ్తే వాళ్ల వాకిట ఎదురింటివాళ్లే ముగ్గేస్తారు. ఈ పట్నాన్ని నిలబెట్టింది నేనేనని ఏ పెద్దయినా అన్నాడో, ముసలాళ్లు మెల్లిగా అడుగుతారు:

"సరే నాయనా, ముగ్గెవరేశారు?"