రెండు అంచుల బొంత

భజన మందిరంలో ఆడవాళ్ళకు భాగవతం చెప్పే శేషమాంబగారికి ఒక అలవాటు ఉండేదని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎవరు ఏ సందేహం అడిగినా, జవాబుకు ముందు చేతికి ఏదో ఒక పని ఇచ్చేవారట.

ఒకనాడు శిష్యురాలు హైమవతి చిన్నబోయిన మొహంతో వచ్చి కూర్చుంది. ఆమె రెండో పెళ్ళి భార్యగా ఆ ఊరొచ్చి ఏడాదైంది. చనిపోయిన మొదటావిడ కూతురు కనకం ఇంతవరకు ఆమెను ఏ వరసా పెట్టి పిలవలేదు.

"అమ్మగారూ, పిల్లకు బొంత కుడుతున్నాను. అడుగున వేయడానికి పెద్ద పన్నా బట్ట కొన్నాను, అతుకు లేకుండా వస్తుందని. అదేమో వాళ్ళమ్మ చీరే వేయమని మొండికేసింది. చీర సగం చివికిపోయింది. మిగిలిన ముక్క పన్నా బొంతకు చాలదు. అయినా, ఆ చీర కళ్ళ ముందున్నన్నాళ్ళూ పిల్ల నా దగ్గరికి వస్తుందంటారా? ఏ బట్ట వేయమంటారు?"

"నీ చీర ఒకటి దాని పక్కన చేర్చి, ఇక్కడే కూర్చుని కుట్టు" అన్నారావిడ.

హైమవతి పనిమంతురాలు. పచ్చంచు పక్కన ఎర్రంచు ఎబ్బెట్టుగా ఉంటుందనీ, అతుకు తెలియకూడదనీ, చీరలు కలిసే చోట రెండంచులూ కత్తిరించేసి సన్నగా కుట్టింది. శేషమాంబగారు ఒక కొస తాము పట్టుకుని రెండోది లాగమన్నారు. పోగులు జారి కుట్టు బారెడు విచ్చుకుపోయింది.

హైమవతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరూ చెప్పకుండానే చీరలు రెండూ తిప్పి, అవతలి వైపున కత్తెర తగలని అంచులు చేర్చి మళ్ళీ కుట్టింది. బడి వదిలాక వచ్చిన కనకం ఈసారి ఒక కొస పట్టుకుంది. పళ్ళు బిగబట్టి లాగింది. కుట్టు కదల్లేదు.

బొంత పూర్తయ్యాక మందిరం అరుగు మీద తిరగేసి పరిస్తే, పక్కింటి పున్నమ్మ బుగ్గన వేలేసుకుంది. "నడిమధ్యన ఆ అతుకేమిటే! సవతి తల్లి అనిపించుకుంది. పిల్లకు నిండు పన్నా బట్ట కొనడానికి చేతులు రాలేదు కాబోలు."

హైమవతి తల దించుకుని, అతుకు మీద కప్పడానికి గుడ్డ పట్టీ ఒకటి చేతిలోకి తీసుకుంది.

కనకం గడ్డం ఎత్తింది. "కొంది. నేనే వద్దన్నాను. ఇటు మా అమ్మ చీర, అటు మా అమ్మ చీర. బాగా చూసుకోండి!"

పట్టీ హైమవతి చేతిలోనే ఉండిపోయింది. శేషమాంబగారు దాన్ని మెల్లగా తీసుకుని పక్కన పెట్టారు.

"కనబడనీ, తల్లీ" అన్నారు.