చెలమలో గోడ

దస్తగిరికి ఒకచోట కాలు నిలవదు. పట్టుకుని కూర్చోబెట్టినా, కూర్చున్నచోటే కాలి బొటనవేలితో ఇసుక తవ్వుతుంటాడు.

అతనిది కడప వైపు మెట్టపల్లె. అక్కడ బావి తవ్వడమంటే ఏళ్ల తరబడి సాగే పని. నీళ్లు పడకపోతే ఇంకా తవ్వుతారు. ఉప్పటి నీళ్లు పడినా ఇంకా తవ్వుతారు. అడుగున ఎక్కడో తియ్యటి ఊట ఉందని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకంతోనే దస్తగిరి జ్ఞానం వెతుక్కుంటూ బయల్దేరి, సముద్రం ఒడ్డున ఇసుకదిబ్బ మీద గుడిసె వేసుకున్న అమీన్ షా బాబా అనే ముసలి ఫకీరు దగ్గర శిష్యుడిగా చేరాడు.

జ్ఞానం మాట దేవుడెరుగు, చేతికి మాత్రం కొబ్బరిచిప్ప వచ్చింది.

ఆ ఏడు ఉప్పెన వచ్చి, దిబ్బ పక్కనున్న జాలరిపేట బావిని ఉప్పునీళ్లతో నింపి పోయింది. ఇక మిగిలింది మొగలిపొదల పక్కనున్న చెలమ ఒక్కటే. మోకాటి లోతు కూడా లేని ఇసుకగుంట అది. చిప్పతో తోడి బిందెలో పోయాలి, మళ్లీ ఊరేదాకా ఆగాలి. అందులో పార పెట్టకూడదన్నది పేట కట్టుబాటు. ఎందుకని అడిగితే, "మా పెద్దోళ్లు పెట్టలేదు, మేమూ పెట్టం" అనేవాళ్లు ఆడవాళ్లు. వాళ్లకు నీళ్లు తోడిపెట్టే పనిని బాబా దస్తగిరికి అప్పగించాడు.

దస్తగిరి మనసు నీళ్ల మీద ఉంటేగా! ఆ దిబ్బ కింద పూర్వం పెద్ద రేవుపట్నం ఉండేదట. పారశీకం నుంచి గుర్రాలతో, చీనా నుంచి పింగాణీతో ఓడలు వచ్చేవట. తర్వాత్తర్వాత ఏరు దారి మార్చుకుంది, ఇసుక మేట వేసింది, జనం ఊరు విడిచిపోయారు. ఆ కథ చెవిన పడ్డ రోజు నుంచి అతనికి తిండి సయించలేదు.

"ఇసుక ఏస్తే ఎత్తి పోసుకోవచ్చు గదా బాబా? అంత పట్నాన్ని ఇడిచిపెట్టి ఎందుకు పోయినారు?" రోజూ ఇదే పోరు.

"బిందె నిండిందా?" అనేవాడు బాబా.

ఒకనాటి ఉదయం బాబా పక్కూళ్లో రోగిని చూడటానికి వెళ్లాడు. దస్తగిరి నీళ్లు తోడుతుంటే చిప్పకు ఏదో ఠంగుమని తగిలింది. తీసి కడిగి చూస్తే గిన్నె పెంకు. తెల్లటి పింగాణీ మీద నీలి చేప. పరుగున పోయి గుడిసెలోంచి పార తెచ్చాడు.

'నీళ్లు గూడా ఎక్కువ పడతాయిలే, ఆడోళ్లకు కాచుకునే బాధ తప్పుద్ది' అని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు.

నడుం లోతున ఇటుకల గోడ తగిలింది. నీళ్లు బుగబుగా ఎగదన్నాయి. ఆనందంతో అతను కేక పెట్టేలోపే పేట నుంచి నాంచారమ్మ బిందెతో వచ్చింది. గుంటను చూడగానే ఆమె బిందె దించి ఒంగింది. దోసెడు నీళ్లు నోట్లో పోసుకుని థూ అని ఉమ్మేసింది.

"ఏం పని చేశావయ్యా! ఉప్పు కషాయం!"

"తాళు పెద్దమ్మా, ఇంకా లోతుకు పోతే తియ్యటియి పడతాయి. మా కాడ అంతే."

తవ్వాడు. తవ్వినకొద్దీ ఉప్పు పెరిగింది.

"మీ కాడ సముద్రం ఉందా?" అందామె. ఇసుకలో కూలబడి ఏడ్చేసింది. "నిన్ననే నా కూతురు కనింది. దాని గొంతులో ఏం పొయ్యమంటావు?"

దస్తగిరి చేతిలోంచి పార జారిపోయింది. భూమి చీలితే బాగుండుననిపించింది. చీల్చింది తనేనాయె.

మధ్యాహ్నానికి బాబా వచ్చాడు. గుంటను చూశాడు, నాంచారమ్మను చూశాడు. గుడిసెలోంచి తన కూజా తెచ్చి, ఉన్న నీళ్లన్నీ ఆమె బిందెలో ఒంపాడు.

"ముందు బాలింతకు పట్టమ్మా. సాయంత్రం మళ్లీ రా."

ఆమె వెళ్లిపోయింది. దస్తగిరి గుంటలోనే తల వంచుకుని నిలబడ్డాడు. తిడితే బాగుండును, కొడితే ఇంకా బాగుండును.

"రోజూ నన్నొకటి అడిగేవాడివి కదా, మళ్లీ అడుగు" అన్నాడు బాబా.

"వాళ్లు... ఎందుకు పోయినారు బాబా?"

బాబా వంగి, నీలి చేప ఉన్న పెంకుతో గుంటలో నీళ్లు ముంచి చేతికిచ్చాడు.

"తాగు."

తాగాడు. ఉప్పు గొంతు పట్టేసింది. దగ్గుతూ ఆసరా కోసం గోడ మీద చెయ్యి వేశాడు. చెయ్యి గోడ వెంటే జరిగింది. గుండ్రంగా జరిగి జరిగి చివరికి అతన్నే వెనక్కి తిప్పింది. ఇంటిగోడ అలా తిరగదు. తను నిలబడింది బావిలో. దాని ఇటుకల ఒర నీళ్ల కిందికి ఇంకా ఎంత లోతుకు దిగిందో కనిపించడం లేదు. పట్నంవాళ్లూ తియ్యటి ఊట కోసం తవ్వుకుంటూనే పోయినట్టున్నారు.

దస్తగిరి పైకొచ్చి, గుంటలోకి ఇసుక నెట్టడం మొదలుపెట్టాడు. బాబా కూడా పక్కన కూర్చుని రెండు చేతులా నెట్టాడు. ఇటుకలు మునిగిపోయాయి.

పొద్దు వాలేవేళ మొగలిపొదలకు ఆవలివైపు, దూరంగా, బాబా ఒక చోటు చూపించాడు. దస్తగిరి చిప్పతో గోకాడు. జానెడు లోతున ఇసుక తడిసింది. ఇంకాస్త గోకితే అడుగున నీళ్లు చేరాయి. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. తియ్యగా ఉన్నాయి.

నాంచారమ్మ బిందె పెట్టుకుని నిలబడి ఉంది. నీళ్లేమో నింపాదిగా ఊరుతున్నాయి. ఇంకొక్కసారి గోకితే గబగబా వస్తాయని దస్తగిరి వేళ్లకు ఒకటే దురద.

అతను చిప్పను ఆమె చేతికిచ్చి, తన కుడిచేతిని తొడకింద అదిమిపెట్టుకుని కూర్చున్నాడు.