తిప్పమ్మ గొర్రు కొయ్య

మా ఊరి వన్నూరప్ప అయ్యవారిని ఏదైనా ప్రశ్న అడిగితే, లేచి చెప్పులు వేసుకుంటారు. జవాబు తెలియక పారిపోతారని కొందరంటారు. నేను అనలేదు, విన్నానంతే.

ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకుని, ఇప్పుడు పట్నంలో జీవరసాయనం చదువుతున్న పక్క ఊరి పరిమళ ఓ ఉదయం వచ్చింది. "అయ్యవారూ, కణంలో పనంతా పెద్ద పెద్ద ఎంజైములది. వాటి చేతిలో పనిముట్ల లాంటివి చిన్న కోఎంజైములు. వీటిలో చాలావాటికి ఒకే రకం తోక ఉంటుంది. పని జరిగేది తోక లేని రెండో చివర; ఆ తోక చేసేదేమీ లేదు. కోట్ల ఏళ్లుగా కణం దాన్ని కోసి పారేయలేదెందుకు?"

అయ్యవారు చెప్పులు వేసుకున్నారు. పరిమళ వెంట నడిచింది.

దారిలో తిప్పమ్మ చేను. వాన పడి నేల పదును మీదుంది. అది ఆరేలోగా వేరుశనగ విత్తకపోతే ఆ ఏడు ఆమెకు పంట లేనట్టే. బాడుగ ట్రాక్టరు వచ్చి నిలబడింది. విత్తే గొర్రు మాత్రం ముందు కొయ్య లేక మొండిగా పడి ఉంది. ఎద్దుల్ని అమ్మేశాక, వాటి కాడికి కట్టే ఇంత పొడుగు కొయ్య ఎందుకు, వాకిట్లో అడ్డమని, ముందురోజే ఆమె కొత్తల్లుడు ఎర్రిస్వామి దాన్ని కోసేశాడు. మా ఊళ్లో అల్లుళ్లు పని చేయడం అరుదు కాబట్టి ఎవరూ ఆపలేదు.

"నా బండి వెనక ఇనుప పట్టు ఆ కొయ్య లావుకే చేయించినా. ఊళ్లో గొర్లన్నిటికీ అదే కొయ్య గదా! ఇప్పుడు దేన్ని పట్టుకుని లాగేది?" అన్నాడు ట్రాక్టరతను.

"కోసిన ముక్కేదీ?" అని అయ్యవారు అడిగారు.

"నీళ్ల పొయ్యిలో పెట్టేసినా," అన్నాడు ఎర్రిస్వామి, తల వంచుకుని. స్నానం మాత్రం బాగా చేసినట్టున్నాడు.

తిప్పమ్మ ముదురుతున్న ఎండకేసి చూసింది.

అయ్యవారు ఎర్రిస్వామిని తన కొట్టానికి తీసుకెళ్లి, ఎద్దులు పోయినా తాను పారేయని కొయ్యను చూపించారు. అతను దాన్ని ఒక్కడే భుజాన మోసుకొచ్చాడు. గొర్రుకు బిగిస్తే ట్రాక్టరు పట్టులో సరిగ్గా కూర్చుంది. బండి కదిలాక తిప్పమ్మ అల్లుడి చేతికి మజ్జిగ చెంబు ఇచ్చి, "తాగు నాయనా, అలిసిపోయినావు," అంది.

సాళ్లు పడుతుంటే పరిమళ చాలాసేపు చూసింది. "అయితే అయ్యవారూ, ట్రాక్టరు ఈ కొయ్యను పట్టుకున్నట్టే ఎంజైములు పట్టుకునేది ఆ తోకనే, అందుకే కణం కోయలేదు. మరి ఎంజైములు రాకముందు ఆ తోకకు కట్టుకుని పని చేసినవాళ్లు ఇంకెవరో ఉండాలి. కానీ వాళ్లను చూసినవాళ్లు లేరే!"

"తిప్పమ్మ ఎద్దుల్ని నువ్వు చూశావామ్మా?" అని, అయ్యవారు ఇంటిదారి పట్టారు.