ఆదివారం నాటి కొలత

గౌస్ మొహియుద్దీన్ మాస్టారి దగ్గర కంప్యూటర్ లైన్ల పని నేర్చుకున్న వాళ్లు ఆయన గురించి ఒక మాట చెబుతారు. ఏదైనా అడిగితే ఆయన బదులు చెప్పరట, పని చెబుతారట. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న ఇందుమతి ఆ సంగతి విన్నదే గాని, తన దాకా వచ్చేసరికి మరిచిపోయింది.

గోదావరి మీద లాంచీలు నడిపే ఒక కంపెనీ అప్పట్లో వాళ్లిద్దరినీ పనికి పిలిచింది. కంపెనీ పుట్టింది నదికి ఎగువన, కూనవరంలో. పెద్దాఫీసు రాజమండ్రికి మారి ఏళ్లు గడిచినా, మెయిళ్లన్నీ కూనవరం ఆఫీసులోని పాత కంప్యూటర్‌లోనే ఉండిపోయాయి. వాటిని రాజమండ్రిలో పెట్టిన కొత్త సర్వర్‌లోకి తేవాలి. తేవడానికి కొండల్లోంచి వచ్చే ఒక్క లైనే దారి.

ఆ లైను ఎంత మోయగలదో చూసే పని మాస్టారు ఇందుమతికి అప్పగించారు. ఆమె ఆదివారం నాడు, ఆఫీసులో మనిషి అలికిడి లేనప్పుడు వచ్చి కొలిచింది. లైను ఇచ్చినవాళ్లు ఒప్పందంలో రాసినంత వేగమూ వస్తోంది. మర్నాడు ఆ మాట ఉత్సాహంగా చెబితే, అందరూ పనిలో ఉన్న వేళ మళ్లీ కొలవమన్నారు మాస్టారు. ఆమెకు మనసు చివుక్కుమంది.

“కొలిచిందాన్నే మళ్లీ కొలవడమెందుకు మాస్టారూ? ఆదివారమైనా, సోమవారమైనా లైను అదే కదా?”

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అయితే ఇక ఆలస్యం వద్దు, రేపు పొద్దున్నే మెయిళ్లు తేవడం మొదలుపెట్టమన్నారు. ఆపాల్సి వస్తే ఎలా ఆపుతావని మాత్రం అడిగారు. ఇక్కడ కూర్చునే ఆపొచ్చు, ఒక్క మీట నొక్కితే చాలు అందామె.

మర్నాడు ముసురు పట్టింది. పైన కొండల్లో రాత్రంతా వాన పడిందని ఆఫీసులో అనుకుంటున్నారు. ఇందుమతి మీట నొక్కింది. పాత మెయిళ్లు బారులుగా దిగడం మొదలైంది. ఆమె చూసి మురిసిపోయింది. కాసేపటికి ఆ బారు నెమ్మదించింది. ఇంకాసేపటికి అక్కడే నిలిచిపోయింది.

అప్పుడు గమనించిందామె. గంటగంటకూ కూనవరం నుంచి నీటిమట్టం మెయిల్ వస్తుంది. లాంచీలు నడిపే సరంగులు రేవులోని కంప్యూటర్‌లో అది చూసుకునే లాంచీ కట్లు విప్పుతారు. కొత్తది రాకపోతే, పాతదాన్నే నమ్ముకుని బయలుదేరుతారు. ఆ గంట మెయిల్ రాలేదు.

ఆపేద్దామని మీట నొక్కింది. తెర కదల్లేదు. మళ్లీ నొక్కింది. ఆపమన్న మాట కూడా ఆ లైను మీదే కూనవరం చేరాలని, ఆ లైను గొంతులో తన మెయిళ్లే అడ్డం పడి ఉన్నాయని అప్పుడు తట్టింది. ఆఫీసు ఫోనెత్తింది. అదీ ఆ లైను మీదిదే, మూగగా ఉంది. సెల్‌ఫోన్‌లో కూనవరం వాళ్లు అందలేదు. లాంచీలు చూసుకునే మేనేజరు దాలినాయుడు గదికి పరుగెత్తితే, పొద్దున్నే రేవుకు వెళ్లారన్నారు. రేవు ఊరికి దూరం, అక్కడ సెల్ సిగ్నల్ ఉండదు. మెయిల్ పంపుదామన్నా అదీ కూనవరం కంప్యూటర్ మీదుగానే వెళ్లాలి.

లాంచీ పైకప్పు మీద కుర్చీలేసుకుని కూర్చున్న వాళ్లు, రెయిలింగు పట్టుకుని నీళ్లకేసి చూసే పిల్లలు, మలుపు అవతల కొండల నుంచి దిగివస్తున్న ఎర్రనీళ్లు, అన్నీ ఆమె కళ్లముందు కదిలాయి. వాళ్లలో ఒక్కరికీ తన పేరు తెలియదు. తాను మీట నొక్కిన సంగతీ తెలియదు.

మాస్టారు వరండాలో టీ తాగుతున్నారు. ఆమె పరుగున వెళ్లి, “ఆగడం లేదు మాస్టారూ” అంది. ఆయన గ్లాసు పక్కన పెట్టి, పక్క కుర్చీ చూపించారు. ఆమె కూర్చోలేకపోయింది. లోపలికీ బయటికీ తిరుగుతూ, కలవని నంబరుకే మళ్లీ మళ్లీ చేస్తూ ఉండిపోయింది.

ఉన్నట్టుండి ఆఫీసు ఫోను మోగింది. కూనవరం ఆఫీసులో పనిచేసే కారం లక్ష్మి గొంతు.

“తీగ పీకేశానమ్మా. ఫోను మూగబోతే కాసేపు చూసి, పాత కంప్యూటరు తీగ పీకెయ్యమని మాస్టారుగారు నిన్ననే చెప్పారు.”

లక్ష్మి మాట్లాడుతుండగానే, ఆగిపోయిన నీటిమట్టం మెయిల్ తెరమీద పడింది. అందులో అంకె ఎర్రగా ఉంది. లాంచీలను వెనక్కి పిలిచే గీత దాటి నీళ్లు పైకి వచ్చేశాయి.

ఇందుమతి ఫోను పెట్టేసి రేవుకు వెళ్లడానికి లేచింది. మాస్టారు వచ్చి ఎదురుగా నిలబడ్డారు. ఇవాళ లాంచీలేవీ విప్పలేదని, నిన్న సాయంత్రమే దాలినాయుడుగారితో మాట్లాడి రేవులోనే ఉంచేయించానని, ఒక్కటీ కదలకుండా చూడ్డానికే ఆయన అక్కడికి వెళ్లారని చెప్పారు. ఇందుమతికి ఏడుపు ముంచుకొచ్చింది. కోపమూ వచ్చింది. మొహం తుడుచుకుంది.

“మీరు ముందే ఆపించి ఉండకపోతే?” అని అడిగింది.

మాస్టారు తెరమీది అంకె వైపు చూశారు. ఆయన మొహంలోనూ రంగు లేదు.

“రేపు మళ్లీ కొలుద్దువుగాని అమ్మా,” అన్నారు. “లాంచీలు నీళ్లమీద ఉన్నాయనుకునే కొలువు.”