మేషగిరి రాజు కొన్న గ్రాఫిక్స్ కార్డు

అనగనగా మేషగిరి అనే రాజ్యం. అక్కడ రాజులకు కిరీటాలూ ఉండేవి, కంప్యూటర్లూ ఉండేవి. ఎలా కుదిరిందని అడక్కండి, కథ ఆగిపోతుంది.

మేషగిరికీ, పక్కనున్న తామ్రపురానికీ మధ్య ఒక పచ్చిక కొండ ఉంది. అది మాదంటే మాదని పోట్లాడి పోట్లాడి విసిగిన రాజులిద్దరూ చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఎండాకాలంలో సరిహద్దు మండపంలో కంప్యూటర్ మీద రథాల పందెం ఆడాలి. ఎవరి యంత్రం వారు తెచ్చుకోవాలి. గెలిచినవారిదే కొండ.

మేషగిరిలో యంత్రాలను చూసుకునేది ముత్తెమ్మ. ఆమె అన్నదమ్ముల గొర్రెలు మేసేది ఆ కొండ మీదే. పందెం సంగతి వినగానే ఆమెకు దిగులు పట్టుకుంది. ఎందుకంటే యంత్రంలో తెరమీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు ముసలిదైపోయింది. మలుపు వచ్చిందంటే రథం నత్తనడక నడిచేది.

కొత్త కార్డు కావాలని రాజు వీరకంఠుడు చాటింపు వేయించాడు. ఇద్దరు వర్తకులు వచ్చారు.

రత్నగుప్తుడు తెచ్చినది ఇటుకంత కార్డు. సెకనుకు రెండు వందల బొమ్మలు గీస్తుందన్నాడు. తన వెంట తెచ్చుకున్న పెద్ద యంత్రంలో పెట్టి ఆడించి చూపించాడు. తామ్రపురం రాజు నిన్ననే ఇదే కొన్నాడని రాజు చెవిలో ఊదాడు కూడా. చిన్నిశెట్టి కార్డు అరచేయంత. వంద బొమ్మలకు మించి గీయదనీ, ధర మాత్రం సగమేననీ అతను ఉన్నమాట చెప్పాడు. రాజు దాని వంక చూడనైనా లేదు.

ముత్తెమ్మ అడ్డుపడింది. "ప్రభూ, మనం పందెం ఆడేది వర్తకుడి యంత్రంతో కాదు. రెండింటినీ మన యంత్రం పెట్టెలో పెట్టి మూడు పరీక్షలు చేయనివ్వండి," అంది.

మొదటి పరీక్ష, పెట్టెలో ఇమడడం. చిన్నది ఇట్టే కూర్చుంది. పెద్దదాని కోసం లోపలి అర ఒకటి విరగ్గొట్టాల్సి వచ్చింది. పోనిమ్మన్నాడు రాజు.

రెండోది తెర పరీక్ష. పందెం జరిగే మండపంలో తెరలు పాతవి, సెకనుకు అరవై బొమ్మలకు మించి చూపలేవు. ముత్తెమ్మ అలాంటి తెర మీదే రెండు కార్డులనూ ఆడించి, ఏది ఏదో చెప్పమంది. రాజు తడబడి చిన్నదాన్నే పెద్దదన్నాడు. సభ నవ్వాపుకుంది.

మూడోది ఓర్పు పరీక్ష. మిట్టమధ్యాహ్నం మూడు చుట్ల పందెం మొత్తం ఆడించింది. పెద్ద కార్డు తాగే కరెంటు ఆ పెట్టె ఇవ్వలేక, మూడో చుట్టులో యంత్రం టప్పున ఆరిపోయింది. చిన్నది చివరిదాకా ఆడింది.

అయినా రాజుకు మనసొప్పలేదు. "పొరుగు రాజు ముందు ఇంత చిన్నది పెట్టుకుని కూర్చోమంటావా, ముత్తెమ్మా? నలుగురూ నవ్వరూ?" అన్నాడు.

"నవ్వనివ్వండి, ప్రభూ. పెద్ద కార్డు చెడ్డదని నేననను. దానికి తగ్గ పెట్టే, తెరా మనకు లేవు. నవ్వులు ఒక్క పూట ఉంటాయి. కొండ పోతే మా వాళ్ళ గొర్రెలు ఎక్కడ మేయాలి?"

రాజు చిన్నిశెట్టిని పిలిపించాడు. చిన్నదే కొన్నాడు.

పందెం రోజున తామ్రపురం రాజు తన ఇటుకంత కార్డును అందరికీ చూపించుకుని మురిసిపోయాడు. దాన్ని తన పాత పెట్టెలో ఆ ఉదయమే బిగించాడట. రెండు చుట్లు రథాలు పక్కపక్కనే పరిగెత్తాయి. మూడో చుట్టులో ఆయన తెర నల్లబడిపోయింది. వీరకంఠుడి రథం ఒంటరిగా గమ్యం చేరింది. ఆ సాయంత్రమే ముత్తెమ్మ తమ్ముడు మందను కొండెక్కించాడు.

కాబట్టి పిల్లలూ, వస్తువు గొప్పతనాన్ని అంగట్లో చూసి కాదు, మన ఇంట్లో మన పనికి పెట్టి చూసి తేల్చుకోవాలి.